ఎదురొచ్చిన భిక్షువు: మృచ్ఛకటికంలో భ్రమ, వాస్తవం



ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. మనసు మంచిదే, కానీ చూపు తప్పు. అలాంటి మనిషికి ఆ మంచితనం సరిపోతుందా? దుర్మార్గుడు మనుషుల్ని తప్పుగా చూస్తే మనకు ఆశ్చర్యం లేదు. వాడి సంగతి అందరికీ తెలుసు. కానీ ఉన్నదంతా దానం చేసినవాడు, ఎవరికీ కీడు తలపెట్టనివాడు, ఊరంతా పొగిడే మంచివాడు, ఎదురుగా వస్తున్న ఒక మనిషిని చూసి ‘అపశకునం’ అని పక్కదారి పట్టాడనుకోండి. దాన్ని ఏమనాలి? పాపమా? అలవాటా? అజ్ఞానమా?

ఈ ప్రశ్న మృచ్ఛకటికం అనే పాత సంస్కృత నాటకంలో ఉంది. మృచ్ఛకటికం అంటే మట్టితో చేసిన చిన్న బండి. శూద్రకుడు రాశాడని నాటకం మొదట్లోనే చెప్పుకున్నారు. పది అంకాలు. ఉజ్జయినిలో జరిగే ప్రేమకథ. కడుపుబ్బ నవ్విస్తుంది, చివర్లో ప్రాణం మీదికి తెస్తుంది. ప్రేమికులు చారుదత్తుడు, వసంతసేన. అతను బ్రాహ్మణ వర్తకుడు, దానాలు చేసి చేసి పేదవాడైపోయాడు. ఆమె వేశ్య, ధనవంతురాలు. డబ్బున్నవాళ్ళను కాదని డబ్బు పోయినవాణ్ణి ప్రేమించింది.

‘సంస్కృత నాటకంతో మనకేం పని?’ అని మీలో కొందరు అడగొచ్చు. పని ఉంది. ఈ నాటకంలో ఒక బౌద్ధ భిక్షువు ఉన్నాడు. ఇద్దరు చండాలులు ఉన్నారు. ఒక బానిస ఉన్నాడు. బాబాసాహెబ్ 1948లో వెలువడిన ‘ది అన్‌టచబుల్స్’ గ్రంథంలో ఈ నాటకాన్నే సాక్ష్యంగా తెచ్చారు. అందుకని మనం కూడా ఒకసారి దగ్గరగా చూడాలి.

చీకట్లో మొదలైన పొరపాట్లు

నాటకం చీకట్లో మొదలవుతుంది. శకారుడని రాజుగారి బావమరిది ఒకడుంటాడు. మూర్ఖుడు, పొగరుబోతు. వాడు వసంతసేన వెంటపడి, చీకట్లో తడుముకుంటూ ఇంకెవరినో పట్టుకుంటాడు. చివరికి చారుదత్తుడి ఇంటి దాసిని జుట్టుపట్టి లాగి, వసంతసేన దొరికిందని సంబరపడతాడు. జనం నవ్వుతారు.

అదే చీకట్లో చారుదత్తుడు కూడా పొరబడతాడు. ఇంట్లోకి వచ్చిన వసంతసేనను తన దాసి అనుకుని, పిల్లవాణ్ణి లోపలికి తీసుకెళ్ళమని చెప్పి, తన ఉత్తరీయం చేతికిస్తాడు. తర్వాత విషయం తెలిసి, తెలియక పని చెప్పినందుకు నొచ్చుకుంటాడు.

రెండూ పొరపాట్లే. కానీ తేడా గమనించండి. శకారుడి పొరపాటులో హింస ఉంది. చారుదత్తుడి పొరపాటులో మర్యాద ఉంది. దీపం వచ్చేసరికి రెండూ తొలగిపోయాయి. చీకటి వల్ల వచ్చిన భ్రమ వెలుతురుతో పోతుంది. అది సులువు. పట్టపగలు, కళ్ళు తెరిచి ఉన్నప్పుడు వచ్చే భ్రమ మాటేమిటి? అది ఏ దీపంతో పోవాలి?

పట్టపగటి భ్రమ

ఏడో అంకానికి రండి. చారుదత్తుడు తోటలో వసంతసేన కోసం ఎదురుచూస్తున్నాడు. బండ్లు తారుమారయ్యాయి. అతని బండిలో వసంతసేనకు బదులు ఆర్యకుడు దిగాడు. గొల్లకులంలో పుట్టినవాడు, రాజు చెరలోంచి తప్పించుకున్నవాడు, కాలికి సంకెల ఇంకా ఉంది. దొరికితే ఇద్దరి తలలూ పోతాయి. అయినా చారుదత్తుడు భయపడలేదు. శరణన్నవాణ్ణి వదలనన్నాడు, సంకెల తీయించాడు, తన బండిలోనే సాగనంపాడు. ఎంత పెద్ద మనసు!

అది జరిగిన కాసేపటికే, తోట విడిచి వెళ్తుంటే ఒక బౌద్ధ భిక్షువు ఎదురయ్యాడు. చారుదత్తుడు ఏం చేశాడు? శ్రమణుడి దర్శనం మంచిది కాదన్నాడు. అతను ఆ దారిన వస్తున్నాడు గనుక మనం ఈ దారిన పోదామని మిత్రుడితో చెప్పి, తప్పుకున్నాడు. అంతే. తిట్టలేదు, కొట్టలేదు. పక్కకు తప్పుకున్నాడు.

సంకెల ఉన్న ఖైదీలో మనిషిని చూడగలిగిన కళ్ళు, కాషాయం కట్టిన భిక్షువులో మనిషిని చూడలేకపోయాయి.

ఇంతకీ ఆ భిక్షువు ఎవరో తెలుసా? సంవాహకుడు. ఒకప్పుడు చారుదత్తుడి దగ్గరే ఒళ్ళుపట్టే పని చేసినవాడు. యజమాని పేదవాడయ్యాక జూదంలో పడి, పది బంగారు నాణేల అప్పు కోసం వీధుల్లో దెబ్బలు తిన్నాడు. వసంతసేన తన చేతి కంకణం ఇచ్చి అతన్ని విడిపించింది. ఆ అవమానంతో జూదం వదిలి భిక్షువయ్యాడు. అంటే, తన ఇంట్లో తిరిగిన మనిషినే చారుదత్తుడు గుర్తుపట్టలేదు. బట్ట చూశాడు, బోడితల చూశాడు, మనిషిని చూడలేదు.

బాబాసాహెబ్ తన గ్రంథంలో వేలు పెట్టి చూపించింది ఈ చోటే. బౌద్ధుల పట్ల ఏహ్యభావం ఆనాటి సమాజంలో ఎంత మామూలైపోయిందో చెప్పడానికి ఆయన దీన్ని తీసుకున్నారు. ఆ ఏహ్యభావంలోనే అంటరానితనానికి మూలం ఉందని ఆయన వాదించారు. ఆలోచించండి, నాటకం రాసినవాడు ఈ మాటను విలన్ నోట పెట్టలేదు. నాయకుడి నోట పెట్టాడు. చూసే జనానికి అది వింతగా కూడా తోచదని అతనికి తెలుసు. భ్రమ ఎప్పుడు బలపడుతుందంటే, మంచివాళ్ళు కూడా దాన్ని మామూలు మాటగా అనేటప్పుడు.

తడిసిన చీవరం

ఎనిమిదో అంకంలో ఆ భిక్షువు తోట కోనేటిలో తన చీవరం ఉతుక్కోబోయాడు. శకారుడు వచ్చి కొట్టాడు. ఎందుకు? కుక్కలూ నక్కలూ నీళ్ళు తాగే ఆ కోనేటిలో ఈ భిక్షువు బట్ట ఉతకడమా అని. ఈ మాట చదివినప్పుడు మహాడ్ గుర్తురాకుండా ఉంటుందా? 1927 మార్చి 20న బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్ళు ముట్టుకున్నది, పశువులు తాగగా లేని అంటు మనిషి తాగితే వచ్చిందా అని అడగడానికే కదా.

అదే తోటలోకి, బండ్ల పొరపాటు వల్ల, వసంతసేన శకారుడి బండిలో వచ్చి దిగింది. వాడు లొంగమన్నాడు. ఆమె లొంగలేదు. గొంతు పిసికి, చచ్చిందనుకుని, ఎండుటాకులు కప్పి వెళ్ళిపోయాడు. నేరం చారుదత్తుడి మీద వేయాలని అప్పుడే అనుకున్నాడు.

భిక్షువు తిరిగొచ్చాడు. తడి చీవరం ఆరేయడానికి చోటు వెతుక్కుంటూ ఆకుల కుప్ప దగ్గరికి వచ్చాడు. కింద మనిషి ఊపిరి వినబడింది. ఆకుల్లోంచి చెయ్యి బయటికొచ్చింది. దాహమని సైగ చేసింది. కోనేరు దూరం. తడి చీవరాన్నే పిండి ఆమె మీద నీళ్ళు పోశాడు, దాని కొసతోనే విసిరాడు. ఒక తీగను వంచి, దాన్ని పట్టుకుని లేవమన్నాడు. దగ్గర్లోని విహారంలో ఉన్న భిక్షుణి దగ్గరికి తీసుకెళ్ళాడు.

ఏ చీవరం చూడటమే అశుభమని మంచివాడు దారి మార్చుకున్నాడో, ఏ చీవరం ఉతికితే కోనేరు మైలపడుతుందని చెడ్డవాడు కొట్టాడో, ఆ చీవరం నీళ్ళే ఒక ప్రాణం నిలబెట్టాయి. వాస్తవం అంటే ఇది. శుభమా అశుభమా అన్నది బట్టలో లేదు, ఎదురు రావడంలో లేదు. చేసిన పనిలో ఉంది.

నిజాలతో కట్టిన అబద్ధం

ఇప్పుడు న్యాయస్థానానికి రండి. తొమ్మిదో అంకం. వసంతసేనను నగల కోసం చారుదత్తుడే చంపాడని శకారుడు ఫిర్యాదు చేశాడు. సాక్ష్యాలు ఒక్కొక్కటిగా వచ్చాయి. ఆమె చారుదత్తుడి ఇంటికి వెళ్ళిందా? వెళ్ళింది, నిజం. తోటకు బయల్దేరిందా? బయల్దేరింది, నిజం. తోటలో ఒక స్త్రీ శవం ఉందా? ఉంది, నిజమే, కానీ ఆమెది కాదు. ఆమె నగలు చారుదత్తుడి మిత్రుడి దగ్గర దొరికాయా? దొరికాయి, నిజం.

ఆ నగలు అక్కడికి ఎలా వచ్చాయి? చారుదత్తుడి చిన్నకొడుకు పక్కింటి పిల్లవాడి బంగారు బండి చూసి, తనకు మట్టిబండి వద్దని ఏడ్చాడు. ఆ ఏడుపు చూడలేక వసంతసేన తన నగలు తీసి, మట్టిబండి నిండా పోసి, బంగారు బండి చేయించుకోమంది. నాటకానికి పేరు తెచ్చిన ఘట్టం అది. ఆ ప్రేమే న్యాయస్థానంలో హత్యకు రుజువైంది.

చూశారా, సాక్ష్యాల్లో చాలావరకు నిజాలే. తీర్పు మాత్రం అబద్ధం. నిజాలను కలిపి కుట్టే దారం ఎవరి చేతిలో ఉందన్నదే అసలు సంగతి. ఇక్కడ ఆ దారం రాజుగారి బావమరిది చేతిలో ఉంది.

పదో అంకంలో ఇంకొకటి జరుగుతుంది. శకారుడి బానిస స్థావరకుడికి జరిగిందంతా తెలుసు. వసంతసేనను చంపమని యజమాని చెప్పినప్పుడు, దెబ్బలు తిన్నాడు గానీ చంపనన్నాడు. అతని నోరు నొక్కడానికి మేడ మీద సంకెళ్ళేసి ఉంచారు. చారుదత్తుణ్ణి వధ్యస్థలానికి తీసుకెళ్తుంటే, ఆ మేడ మీంచి దూకేసి నిజం అరిచి చెప్పాడు. ఏమైంది? ‘వీడు బంగారం దొంగ, కొట్టానని కక్షతో చెబుతున్నాడు’ అన్నాడు శకారుడు. అంతే, ఆ మాట చెల్లలేదు. ప్రాణాలకు తెగించి చెప్పిన నిజం, చెప్పినవాడు బానిస అయినందుకు అబద్ధమైపోయింది. మన పల్లెల్లో సాక్ష్యం చెప్పబోయి, ‘నీ మాట ఎవరు నమ్ముతార్రా’ అనిపించుకున్నవాళ్ళకు ఈ ఘట్టం వివరించక్కర్లేదు.

విపల్లాసం

తథాగతుడు దీనికొక పేరు పెట్టాడు. విపల్లాసం, అంటే తలకిందుల చూపు. అంగుత్తర నికాయంలో దీని గురించి ఉంది. మారిపోయేదాన్ని శాశ్వతమనుకోవడం, దుఃఖాన్ని సుఖమనుకోవడం, ఆత్మ లేనిచోట ఆత్మ ఉందనుకోవడం, అశుభాన్ని శుభమనుకోవడం. ఇవి నాలుగు. ఇవి మూడు మెట్లలో పనిచేస్తాయి. మొదట సంజ్ఞలో, అంటే గుర్తించడంలో. తర్వాత చిత్తంలో, అంటే ఆలోచనలో. చివరికి దిట్ఠిలో, అంటే గట్టిపడిన అభిప్రాయంలో.

ఈ మూడు మెట్లనూ చారుదత్తుడికి వర్తింపజేసి చూడండి. బోడితల, కాషాయం కనబడ్డాయి. ఇది గుర్తించడం. ‘అశుభం’ అనుకున్నాడు. ఇది ఆలోచన. ఇంక పరీక్షించాల్సిన పనే లేదన్నట్టు దారి మార్చాడు. ఇది గట్టిపడిన అభిప్రాయం. మూడూ రెప్పపాటులో అయిపోయాయి. అందుకే అతనికి అది అభిప్రాయంలా అనిపించలేదు. లోకమే అలా ఉందనిపించింది.

ఇక్కడ ఒక జాగ్రత్త. ‘లోకమంతా మాయ’ అనేవాళ్ళ మాట ఇది కాదు. లోకం మాయ అంటే ఆకలీ మాయే, దెబ్బా మాయే, శూలమూ మాయే అవుతుంది. బాధపడేవాడికి అది పనికొచ్చే మాట కాదు. దుఃఖం ఉంది అనడంతోనే బుద్ధుడు మొదలుపెట్టాడు. లోకం అబద్ధం కాదు, లోకాన్ని చూసే చూపు అబద్ధం కావచ్చు. చూపు మనది గనుక దాన్ని సరిచేసుకోవచ్చు. సమ్యక్ దృష్టి అష్టాంగ మార్గంలో మొదటి అడుగు అయ్యింది ఇందుకే.

మరి ఈ భ్రమ ఇన్నాళ్ళు ఎలా బతుకుతుంది? సుత్తనిపాతంలోని వసల సుత్తం చూడండి. అక్కడా ఇదే ఘట్టం. శ్రావస్తిలో భిక్షకు వస్తున్న బుద్ధుణ్ణి చూసి అగ్గిక భారద్వాజుడనే బ్రాహ్మణుడు, బోడివాడా, వసలుడా, అక్కడే ఆగమన్నాడు. చారుదత్తుడి కంటే మొరటువాడు. బుద్ధుడు ఆగి, వసలుడంటే ఎవరో తెలుసా అని అడిగాడు. తెలియదు, చెప్పమన్నాడు భారద్వాజుడు. పుట్టుకతో ఎవడూ వసలుడు కాడని, చేసే పనుల వల్లే అవుతాడని బుద్ధుడు వివరించాడు. ఆ మొరటువాడే చివరికి ఉపాసకుడయ్యాడు.

తేడా ఎక్కడుంది? భారద్వాజుడు తిట్టాడు గానీ నిలబడ్డాడు, మాట్లాడాడు, విన్నాడు. చారుదత్తుడు మర్యాదగా తప్పుకున్నాడు. తిట్టినవాడి భ్రమ ఒక్క పూటలో పోయింది. తప్పుకున్నవాడి భ్రమ అలాగే ఉండిపోయింది. భ్రమ తనంతట తాను బతకదు, బంధువులారా. పక్కకు తప్పుకునే ప్రతి అడుగూ దానికి తిండి పెడుతుంది. అంటరానితనం మొత్తం ఆ అడుగే. వేరే బావి, వేరే గ్లాసు, వేరే వీధి, వేరే శ్మశానం. కలవకుండా ఉంటే నిజం తెలిసే వీలుండదు. నిజం తెలియకుండా ఉండటానికే కలవనివ్వరు.

ముగింపులో మిగిలిపోయింది

నాటకం సుఖాంతమే. కత్తి ఎత్తే సమయానికి ఆ భిక్షువే వసంతసేనను వెంటబెట్టుకుని వధ్యస్థలానికి పరుగెత్తుకొచ్చాడు. చారుదత్తుడు బతికాడు. ఎదురొస్తే అశుభమనుకున్న మనిషి ఎదురొచ్చాడు కాబట్టే బతికాడు. ఆ రోజు దారి తప్పుకున్న సంగతి మాత్రం మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

రాజు మారాడు. ఆర్యకుడు గద్దెనెక్కాడు. ఇక వరాలు. వసంతసేనకు కులవధువు హోదా దక్కింది. స్థావరకుడికి బానిసత్వం పోయింది. భిక్షువును విహారాలన్నిటికీ పెద్దను చేశారు. శకారుణ్ణి కూడా చారుదత్తుడు క్షమించి వదిలేశాడు. మరి ఆ ఇద్దరు చండాలులకు?

వాళ్ళెవరో గుర్తుచేసుకోండి. శిక్ష అమలుచేసే పని వాళ్ళది. ఆ పని చేస్తూ కూడా వాళ్ళ చేతులు ఆడలేదు. నీ వంతంటే నీ వంతని వాదించుకున్నారు, జాగు చేశారు. ఆ జాగే చారుదత్తుణ్ణి కాపాడింది. చండాల కులంలో పుట్టినా తాము చండాలులం కామని, మంచివాణ్ణి హింసించేవాళ్ళే చండాలులని వాళ్ళే అన్నారు. వసల సుత్తం సారమంతా ఆ ఒక్క మాటలో ఉంది. అలాంటివాళ్ళకు నాటకం ఇచ్చిన వరం ఏమిటో తెలుసా? చండాలులందరికీ నాయకులుగా నియమించారు.

వేశ్య వధువైంది. బానిస స్వతంత్రుడయ్యాడు. గొల్ల రాజయ్యాడు. చండాలుడు మాత్రం చండాలుల పెద్ద అయ్యాడు. అన్ని భ్రమలనూ విప్పిన నాటకానికి ఈ ఒక్క ముడి కనబడలేదు. ముడి అని కూడా తోచలేదు. ఏ సుఖాంతం విన్నా, ఏ సంస్కరణ విన్నా, ఏ పదవి పంపకం విన్నా మనం అడగాల్సిన ప్రశ్న ఇదే. చివర్లో ఎవరు ఉన్నచోటే ఉండిపోయారు?

మన కళ్ళ సంగతి

ఇంతవరకు వాళ్ళ కళ్ళ గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడు మన కళ్ళు. చండాలుడన్న కులం పేరు తెలుగులో ఏమైందో చూడండి. కూర బాగాలేకపోతే ‘చండాలంగా ఉంది’ అంటాం. సినిమా నచ్చకపోతే ‘చండాలం’ అంటాం. మనమే అంటాం. మన పూర్వీకుల్లాంటి మనుషుల పేరును మురికికి మారుపేరుగా మన నోటితోనే మోస్తున్నాం. ఈ మాట ఇవాళే మానేయవచ్చు. ఖర్చు లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

రెండోది శకునం. బుద్ధవందన చేసే ఇళ్ళలో కూడా, బయల్దేరేటప్పుడు భర్త పోయిన అక్కో పిన్నో ఎదురొస్తే ఒక్క నిమిషం ఆగి వెళ్ళేవాళ్ళున్నారు. ఎదురొస్తే అపశకునమని ఒకప్పుడు మన భిక్షువును చూసి తప్పుకున్నారు. ఇప్పుడు మనం మన ఇంటి ఆడమనిషిని చూసి తప్పుకుందామా? మంగళం అంటే ఏమిటని అడిగితే మంగళ సుత్తంలో తథాగతుడు శకునాల పట్టిక చెప్పలేదు. తల్లిదండ్రుల సేవ, మంచివాళ్ళ సాంగత్యం, నిర్దోషమైన పని, ఇవి చెప్పాడు. చారుదత్తుడు ఆ సుత్తం విని ఉంటే ఆ రోజు ఆ దారినే నడిచేవాడు.

మూడోది అన్నిటికంటే కష్టం. పెళ్ళి మాటలు. బుద్ధుడి పటం కింద కూర్చుని సంబంధాలు మాట్లాడుకుంటూ, గొంతు తగ్గించి ‘ఇంతకీ మనవాళ్ళేనా?’ అని అడుగుతాం. మనవాళ్ళంటే ఏమిటి అర్థం? బౌద్ధులేనా అని కాదు. మాలా, మాదిగా, అందులో ఏ శాఖా అని. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ మనకు చూపిన దారిలోకి వచ్చాక కూడా, ఈ ఒక్కచోట చాలామందిమి పక్కకు తప్పుకుంటున్నాం. తిట్టం, కొట్టం. చారుదత్తుడిలాగే మర్యాదగా తప్పుకుంటాం. ‘మాకేం పట్టింపు లేదండీ, చుట్టాలు ఒప్పుకోరు’ అంటాం.

మొదట అడిగిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పుకోవచ్చు. మంచి మనసు సరిపోదు. మంచి మనసుకు తప్పు చూపు తోడైతే, మంచివాడు కూడా చెడ్డవాడి పనిని నెమ్మదిగా, మర్యాదగా చేసిపెడతాడు. అందుకే ధమ్మంలో కరుణ పక్కన ప్రజ్ఞ ఉంది. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదని తథాగతుడు ఎక్కడా అనలేదు.

మీ ఇంట్లో ఈ ఏడాది సంబంధం చూడాల్సి వస్తే, ‘మనవాళ్ళేనా?’ అన్న ప్రశ్న మీ నోటి చివరికి వస్తుంది. అప్పుడు ఒక్క క్షణం ఆగండి. ఆ ప్రశ్న బదులు పిల్ల ఎలాంటిది, పిల్లాడు ఎలాంటివాడు, ఒకరినొకరు ఇష్టపడుతున్నారా అని అడగండి. ఎదురొచ్చిన మనిషిని చూసి తప్పుకోకుండా, అదే దారిలో నిలబడి, ముఖం చూసి మాట్లాడండి.

నమో బుద్ధాయ! జై భీమ్!